వార్ధక్యంలో స్మృతిభ్రంశం వంశపారంపర్యమా?

“మా నాన్నగారు చివరి దశలో కన్నకొడుకులనే గుర్తుపట్టలేదు. ఆ వ్యాధి నాకూ వస్తుందా?” అని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుండి వచ్చే రోగులు తరచు అడుగుతుంటారు. ఫలానా ఇంట మతి తప్పే జబ్బు ఉన్నదని వివాహ సంబంధాలకు వెనుకాడే పెద్దలూ ఉన్నారు.

బీజంలో ఏ భాగం దుష్టి చెందితే దాని నుండి ఏర్పడే అవయవానికి వికృతి కలుగుతుందని చరక సంహిత శారీరస్థానం చెబుతున్నది. ఆధునిక శాస్త్రజ్ఞులు అల్జీమర్స్ వ్యాధికి, అపోఇ-4 అనే జన్యురూపానికి గల సంబంధాన్ని 1993లో కనుగొన్నారు. అది తల్లిదండ్రులలో ఒకరి నుండి సంక్రమిస్తే వ్యాధి అవకాశం సుమారు 3 రెట్లు, ఇద్దరి నుండీ సంక్రమిస్తే 8 నుండి 12 రెట్లు పెరుగుతుందని పాశ్చాత్యుల అంచనా. అయినా అది ఉండి జ్ఞాపకం చెడని వృద్ధులున్నారు; లేకున్నా వ్యాధి పాలైనవారున్నారు. నడివయసులోనే మొదలై తరతరాలా వెంటాడే రకం వేరు, అది బహు అరుదు. అట్టి కుటుంబాలు నిపుణులను సంప్రదించాలి. తక్కినవారు జన్యుపరీక్షకై ధనవ్యయం చేయనక్కరలేదని నా అభిప్రాయం.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక విశేషాన్ని ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారి కంటె రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. నిరక్షరాస్యులలోనూ ఈ తేడా కనిపించింది. ఇచ్ఛాపురం, మందస ప్రాంతాల్లో తెలుగు, ఒడియా రెండింటా బేరమాడే అవ్వలకు ఇది ఖర్చులేని రసాయనం! పిల్లలు వలసపోయి, పలకరించేవారు కరవైతే ఆ భాషలు రెండూ మూలపడతాయి. ఆ అవ్వలే అడ్డపొగ చుట్ట మానితే మరీ మేలు. పొగ, రక్తపోటు, మధుమేహం, చెవుడు, ఒంటరితనం వంటి కారణాలను అదుపు చేస్తే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, జాప్యం చేయడమో సాధ్యమని లాన్సెట్ సంఘం 2024లో అంచనా వేసింది.

చరకుడు నాలుగు మేధ్య రసాయనాలను చెప్పాడు: మండూకపర్ణి స్వరసం, పాలతో అతిమధుర చూర్ణం, తిప్పతీగ స్వరసం, శంఖపుష్పి కల్కం. ఇవి స్మృతిభ్రంశాన్ని ఆపగలవని ఇంతవరకు రుజువు కాలేదు. పైగా అతిమధురం రక్తపోటును పెంచుతుంది గనుక ఆ రోగులు సొంతంగా వాడరాదు. మరపు మొదలైనవారికి ముందు బి-12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆ లోపాల వల్ల కలిగిన మరపు చికిత్సతో తగ్గే అవకాశమున్నది.