‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ నవలయందలి స్నేహము, స్వప్నము

అమెరికాదేశీయుడగు జాన్ స్టెయిన్‌బెక్ (1902–1968) రచించిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ 1937 వ సంవత్సరమున వెలువడిన చిన్న నవల. స్కాట్లండుకవి రాబర్టు బర్న్సు 1785 లో, నాగలిచే గూడు చెడిన యెలుకనుగూర్చి వ్రాసిన పద్యమునుండి దీనికి పేరు గ్రహింపబడినది. కథాస్థలము కాలిఫోర్నియాలో సాలినాస్ నదీతీరమునందలి యొక పొలము. సమీపగ్రామము సొలిడాడ్, ఆ స్పానిషుపదమునకు ఏకాకిత్వమని యర్థము. ఆర్థికమాంద్యపు దినములలో పనివెదకుకొనుచు ఊరూర తిరుగు కూలీల జీవితమే యిందలి వస్తువు.

జార్జి, లెన్నీ యనువారు అట్టి కూలీలు. లెన్నీ మహాబలుడు, బుద్ధిచే శిశువు. మెత్తనివానిని నిమురుట యతనికి ప్రీతి. తన బల మతనికే తెలియదు. జార్జి విసుగుకొనును, తిట్టును, కాని విడిచిపోడు. కొంత నేల, చిన్న యిల్లు, కొన్ని కుందేళ్లు తమవి కావలెనని వారి కోరిక. జార్జి దానిని కథవలె చెప్పును. లెన్నీ యెన్నిమార్లు విన్నను తనివినొందడు. పనిలో చేయి కోల్పోయిన వృద్ధుడు కాండీ తన 350 డాలర్లు చేర్చెదననగా, 600 డాలర్ల వెలగల యా నేల తొలిసారి అందునదిగా కనబడును.

కర్లీ భార్య మరణముతో నీ స్వప్నము చెడినదని పైకి తోచును. నిజమునకు దాని పగులు ముందటి రాత్రియే క్రుక్స్ గదిలో కనబడినది. క్రుక్స్ గుఱ్ఱపుసాలలో పనివాడు. నల్లజాతివాడగుటచే తోడికూలీల వసతిలో నతనికి ప్రవేశము లేదు. అతని గదిలో 1905 నాటి కాలిఫోర్నియా పౌరశాసనగ్రంథము కలదు. శాసన మింట నున్నను రక్షణ లేదు. జాతిభేద మెఱుగని లెన్నీ యా గదిలోనికి వచ్చును. క్రుక్స్ మొదట, జార్జి తిరిగిరాకున్న నేమగునని యతనిని బాధించును. అవమానము పొందినవాడు తనకంటె దుర్బలుని నొప్పించుట యిది. పిదప కాండీ మాటలు విని, కూడుమాత్రము పెట్టిన చాలును, తానును వచ్చి పనిచేసెదననును. అంతలో కర్లీ భార్య వచ్చును. ఆమెకు కథలో పేరే లేదు. ఆమెయు నేకాకినియే, చలనచిత్రతార కావలెనని కలగన్నదియే. ఐనను క్రుక్స్ ఎదురాడగా, ఉరితీయింతునని బెదరించును. అతడు ముడుచుకొని తన కోరికను వెనుకకు తీసికొనును.

దుఃఖము సమానమైనను వారి నది యేకము చేయలేకపోయినది. ఒక్కొక్కరికి తమకంటె తక్కువవా డొకడు చూపబడియుండుటయే దీనికి కారణము. లేమి స్వప్నమును దూరముచేసినది. దురభిమానము దానిలో చోటులేకుండ చేసినది.

స్నేహము మాత్రము తుదివఱకు నిలిచినది. తన ముసలికుక్కను కార్ల్‌సన్ చేత చంపించితిని, తానే చంపవలసినదని కాండీ పశ్చాత్తప్తుడగును. ఆ మాట జార్జి విన్నాడు. తరుముకొనివచ్చు గుంపుచేతిలో లెన్నీ చిక్కకుండ, కుందేళ్ల కథ చెప్పుచునే, ఆ కార్ల్‌సన్ పిస్తోలుతోనే జార్జి యతని ప్రాణము తీయును. అతని దుఃఖము స్లిమ్ కు తెలిసినది. కార్ల్‌సన్ కో, వారి బాధయేమో యర్థము కాలేదు. నవల యక్కడనే ముగియును.