సాక్స్‌లెట్ వంపు

నేరేడుపళ్లు తింటే నాలుకంతా ఊదారంగు అవుతుంది. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ప్రాక్టికల్స్ చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: "యాంటీఆక్సిడెంట్లంటే ఈ రంగే కదా సార్? దీన్ని పండులోంచి తీసి నూనెలో కలిపితే నూనె నిల్వ ఉంటుందా?" ఆ ప్రశ్నకు సగం జవాబు మా ల్యాబ్ బీరువాలోనే ఉంది. దాని పేరు సాక్స్‌లెట్.

నూనె ఎందుకు కనరెక్కుతుందో ముందు చూద్దాం. వేడి, వెలుతురు ప్రభావంతో కొవ్వు అణువు ఒకటి హైడ్రోజన్‌ను పోగొట్టుకుంటుంది. దానికి ఒంటరి ఎలక్ట్రాన్ మిగులుతుంది. ఆ లోటు తీర్చుకోడానికి అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పక్క అణువు హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఇప్పుడు ఆ పక్క అణువుకూ అదే గతి. ఈ గొలుసు తెగాలంటే హైడ్రోజన్‌ను ఇచ్చేసి, తాను మాత్రం స్థిమితంగా ఉండగల అణువు, అంటే యాంటీఆక్సిడెంట్, కావాలి. నేరేడు తొక్కకు ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్లు, జీడిపప్పు పొట్టులోని కాటెకిన్లు ఆ కోవలోవే. వాటిలో మిగిలే ఒంటరి ఎలక్ట్రాన్ బెంజీన్ వలయమంతా పరుచుకుంటుంది. అందుకే ఎవరి మీదా దాడి చేయదు.

సరే, వాటిని బయటికి లాగడం ఎలా? మురికిబట్టను ఒకే బకెట్ నీళ్లలో ఎంతసేపు పిండినా నీళ్ల మురికే మళ్లీ బట్టకు పడుతుంది. నీళ్లు మారిస్తేనే బట్ట తెల్లబడుతుంది. సారాన్ని కరిగించే ద్రావణి సంగతీ ఇంతే. లెక్క చూడండి. ముందే తడిసిన పొడి ప్రతిసారీ 100 మిల్లీలీటర్ల ద్రవాన్ని తనలో ఉంచుకుంటుందని, కడిగిన ప్రతిసారీ సారం ద్రవమంతటా సమంగా పరుచుకుంటుందని అనుకుందాం. 300 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఒకేసారి పోస్తే పొడిలో నాలుగో వంతు సారం మిగిలిపోతుంది. అదే 300ను మూడుసార్లు వందేసి చొప్పున పోస్తే మిగిలేది ఎనిమిదో వంతే. ఆల్కహాల్ ఒక్క బొట్టు పెరగలేదు, నష్టం మాత్రం సగమైంది.

జర్మనీలో పనిచేసిన వ్యవసాయ రసాయనవేత్త ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ ఇలా మళ్లీ మళ్లీ కడగడాన్ని తనంతట తానే చేసే సాక్స్‌లెట్ పరికరాన్ని 1879లో ప్రకటించాడు. ఆయనకు కావలసింది పాలలో కొవ్వు ఎంతో తేల్చడం. ద్రావణిని మళ్లీ మళ్లీ ఆవిరి చేసి చుక్కలుగా దింపే పరికరాలు అప్పటికే ఉన్నాయి. ఫ్రెంచివాడు పాయెన్ అలాంటిది ముందే చేశాడు. కొత్తది సైఫన్. ఆ ఊహ సోంబాతీ అనే వ్యక్తిదని సాక్స్‌లెట్ తన వ్యాసంలోనే రాశాడు. ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం.

కింది ఫ్లాస్కులో ఆల్కహాల్ మరుగుతుంది. ఆవిరి పక్కనున్న లావు గొట్టం గుండా పైకెక్కి, కండెన్సర్‌లో చల్లబడి, పొడి నింపిన కాగితపు గొట్టం మీద చుక్కచుక్కగా రాలుతుంది. ఆ గొట్టం ఉన్న గది మెల్లగా నిండుతుంది, పొడి నానుతుంది. గది పక్కన సన్నటి వంపు గొట్టం ఉంటుంది, అదే సైఫన్. మట్టం దాని తలకట్టు దాటిన క్షణంలో రంగెక్కిన ద్రవమంతా ఒక్క ఊపున కిందికి దిగిపోతుంది. ఫ్లాస్కులోంచి మళ్లీ పైకి లేచేది ఆల్కహాల్ ఆవిరే. రంగుకు ఆవిరయ్యే గుణం లేదు, అది ఫ్లాస్కులోనే ఉండిపోతుంది. అందుకే పొడి మీద పడే ప్రతి చుక్కా కొత్తదే. మీటలు లేవు, మోటారు లేదు, మనిషి కాపలా కూడా అక్కర్లేదు. కొలిచి, ఆగి, ఖాళీ చేయడమంతా గాజు వంపు, భూమ్యాకర్షణ కలిసి చూసుకుంటాయి.

అయితే నేరేడుకు ఈ పరికరం కుదరదు. దిగిన రంగు గంటల తరబడి ఫ్లాస్కులో ఉడుకుతూనే ఉంటుంది, ఆంథోసయనిన్లు వేడికి విరిగిపోతాయి. పైగా గుజ్జులో నీరెక్కువ, సాక్స్‌లెట్‌కు ఎండుపొడి కావాలి. అందుకే పండ్ల రంగును సిట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో చల్లగా, చీకట్లో నానబెడతారు. ఆ సారంలోని ఆల్కహాల్‌ను తీసేసి రెజిన్ పూసల మీదుగా పంపితే చక్కెర నీళ్లతో కొట్టుకుపోతుంది, రంగు పూసలకు అంటుకుని ఆగుతుంది. తర్వాత ఆల్కహాల్ పోసి దాన్ని విడిపిస్తారు. తగ్గించిన పీడనంలో తక్కువ వేడికే ఆల్కహాల్‌ను తీసేసి, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థంతో కలిపి పొడిగా ఆరబెడతారు. ఇటలీలో ద్రాక్షతొక్కల రంగు ఎప్పటినుంచో ఆహారంలోకి వెళుతోంది.

కాశీబుగ్గ పక్కనే ఉన్న పలాస జీడి పరిశ్రమల్లో పిక్క గుల్ల పగలగొట్టి, పప్పును ఆరబెట్టి, తీసేసే ఎర్రటి పొట్టు సంగతి వేరు. అది పొడిగా ఉంటుంది, దాని కాటెకిన్లు ఆంథోసయనిన్ల కన్నా వేడిని ఓర్చుకుంటాయి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)లో మాథ్యూ, పార్పియా ఆ పొట్టులోని పాలీఫినాల్స్ గురించి 1970లోనే ప్రచురించారు. ఉద్దానం జీడితోటల పక్కనే చదువుకునే మన పిల్లలకు ఇంతకన్నా దగ్గరి ప్రయోగం దొరకదు.

పొట్టు పొడిని సాక్స్‌లెట్‌లో పెట్టి సారం తీయండి. రెండు సీసాల పొద్దుతిరుగుడు నూనె తీసుకుని ఒకదాంట్లోనే సారం కలిపి, రెండింటినీ 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచండి. కొన్ని రోజులకొకసారి పొటాషియం అయొడైడ్, థయోసల్ఫేట్‌లతో, నూనె ఎంత ఆక్సీకరణం చెందిందో చెప్పే పెరాక్సైడ్ విలువ కట్టండి. సారం ఉన్న నూనెలో అది నెమ్మదిగా పెరిగితే గొలుసు తెగుతున్నట్టే. ఆహారంలో కలపాలంటే ఇంకా భద్రతా పరీక్షలున్నాయి, అనుమతులున్నాయి. కానీ మన పొట్టుకు ఆ అర్హత ఉందో లేదో తేల్చే తొలి అంకెలు మన కాలేజీ ల్యాబుల నుంచే రావాలి. అందుకు కావలసిన సామానంతా అక్కడే ఉంది.