పార్లమెంటులో రైతు పక్షము

పొలమునకు కూలీలను పంపిన రైతు సాయంకాలము గట్టుపై నిలిచి పని చూచుకొనును. వోటు వేసి ఢిల్లీకి పంపిన ప్రతినిధి పనిని మాత్రము మనమేల చూచుకొనము?

నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్. జి. రంగాగారు 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. నడుమ ఓటములు కలిగినను, 1991 లోపల సుమారు ఐదు దశాబ్దములు ఢిల్లీ సభలలో సభ్యులుగా నుండిరి. ఏండ్ల లెక్క గొప్పదే. అంతకంటె వారు పలికిన పలుకుల తూకము ముఖ్యమని మేము తలంతుము.

1959లో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయమును తీర్మానించెను. రంగాగారు సహకార పరపతిని కాదనలేదు. భూమి మాత్రము రైతు చేయి జారరాదనిరి. ఆ పట్టుతోనే కాంగ్రెసును వీడి, స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులైరి. 1964 నాటి పదునేడవ రాజ్యాంగ సవరణమును గట్టిగా ప్రతిఘటించిరి. సవరణము నెగ్గెను. అయినను, పరిమితికి లోబడి రైతు స్వయముగా సాగుచేయు భూమిని ప్రభుత్వము తీసికొన్నచో బజారు వెలకు తగ్గని పరిహార మీయవలెనను నియమము అందు కలదు.

వారి వాదము నందరును ఒప్పుకొననక్కరలేదు. కాని వారేమి పలికిరో చర్చల గ్రంథములలో అచ్చయి యున్నది. సోదరులారా! మీ ప్రతినిధి ఊరికి వచ్చినపుడు దండ వేయుటకు ముందు, పంట ధరను గూర్చి, కాలువ నీటిని గూర్చి సభలో ఎన్నిమార్లు లేచి మాటలాడెనో అడుగుడు.