పురుగైపోయినవాడి గది

గ్రెగర్ సామ్సా బట్టల వ్యాపారి దగ్గర ఏజెంటు. రైళ్లలో ఊరూరా తిరిగి ఆర్డర్లు తెస్తాడు. తండ్రి వ్యాపారం దివాలా తీసింది. ఆ అప్పు తీరాలంటే మరో ఐదారేళ్లు అతడా యజమానికి ఊడిగం చేయాలి. అలాంటివాడు ఒక ఉదయం నిద్ర లేచేసరికి పెద్ద పురుగుగా మారిపోయి ఉంటాడు. ప్రాగ్ నగరపు యూదు రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1915లో ప్రచురించిన 'మెటమార్ఫసిస్' కథ ఇది. కాఫ్కా కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి. పనిలో మనుషులెలా నలిగిపోతారో దగ్గరగా చూసినవాడు.

విచిత్రమేమిటంటే, పురుగైనందుకన్నా ఐదు గంటల రైలు తప్పిపోయినందుకే గ్రెగర్ ఎక్కువ కంగారుపడతాడు. కాసేపటికే ఆఫీసు నుంచి హెడ్ క్లర్కు ఇంటికొచ్చి నిలదీస్తాడు. ఆఫీసు సంగతి సరే, నన్ను కలచివేసింది ఇంటి సంగతి. అతని సంపాదన ఆ ఇంటికి మొదట్లో ఆనందం, తర్వాత అలవాటు. కృతజ్ఞతతోనే డబ్బు తీసుకున్నారు కానీ ఆప్యాయత పోయింది. తండ్రి విసిరిన ఆపిల్ వీపులో దిగబడి అక్కడే కుళ్లిపోతుంది. కొన్నాళ్లు అన్నం పెట్టిన చెల్లెలే చివరికి 'దీన్ని' వదిలించుకుందామంటుంది. అతడు చనిపోయిన రోజే ముగ్గురూ ట్రామెక్కి షికారుకెళ్తారు.

అస్తిత్వవాదమంటే నాస్తికుల గొడవ అని నా సెమినరీ రోజుల్లో కొందరు కొట్టిపారేసేవారు. దానికి ఆద్యుడని చెప్పే కీర్కెగార్డ్ డెన్మార్క్‌కు చెందిన లూథరన్ విశ్వాసి అని వాళ్లకు గుర్తుండేది కాదు. 'పనికిరాకపోతే నేనెవరిని?' అన్న ప్రశ్న బైబిలుకు కొత్తది కాదు. దావీదు తనను పురుగుతో పోల్చుకొని వాపోయాడు (కీర్తన 22:6). సిలువపై యేసు వేసిన కేక ఆ కీర్తన తొలిమాటే! చెరలో నలిగిన తన ప్రజను దేవుడు కూడా అదే హెబ్రీ మాటతో పిలిచాడు, కానీ భయపడవద్దని చెప్పి చెయ్యి పట్టుకోవడానికి (యెషయా 41:13,14). గ్రెగర్ ఇంట్లో లేనిది ఆ చెయ్యే.

మన ఇళ్లలో ఉందా? కొన్నేళ్ల క్రితం మా సంఘ సభ్యుడొకాయన పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి, నడుం దెబ్బతిని తిరిగొచ్చేశాడు. చెల్లెళ్ల పెళ్లిళ్లు, కొత్త ఇల్లు, మా చర్చి ప్రహరీగోడలో సగం ఆయన చెమటే. సెలవుల్లో వస్తే ముందు వరుసలో కుర్చీ వేసి, సాక్ష్యం చెప్పించేవాళ్లం. ఆయన ఆరాధనకు రావడం మానేశాడని నేనెలా గమనించానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. దశమభాగాల పుస్తకంలో ఆయన పేరుకెదురుగా వరుసగా మూడు నెలల గళ్లు ఖాళీగా కనిపించాయి.

మరునాడు వెళ్లాను. వీధివైపు గది అద్దెకిచ్చి, ఆయన మంచం పెరటి వసారాలో వేశారు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, "అయ్యగారూ, ఈ నెల కూడా కానుక పంపలేకపోయానండీ" అన్నాడు. మంచం మీదే ఆయన పక్కన కూర్చున్నాను. ప్రార్థన మొదలుపెట్టడానికి చాలాసేపు నాకు మాట రాలేదు.