వార్తల్లో పదం: రీకాల్

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోని ఓ ఇంట్లో ఛార్జింగ్‌ పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి, 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. తర్వాత ఆ స్కూటర్ తయారుచేసిన హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను రీకాల్ చేసింది. అంటే అమ్మిన బండ్లను లోపం వెతికి సరిచేయడానికి వెనక్కి పిలిచింది.

కారుకైనా స్కూటరుకైనా చట్టం ఒకటే. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన 110ఎ సెక్షన్ కింద, యజమానుల ఫిర్యాదులు తగినన్ని చేరితే కేంద్రమే రీకాల్‌కు ఆదేశించవచ్చు. కంపెనీ డబ్బు తిరిగివ్వాలి, లేదా బండి మార్చాలి, లేదా బాగుచేయాలి.

నన్ను కలవరపెట్టేది సెకండ్‌హ్యాండ్ బండ్ల సంగతి. రీకాల్ కబురు మొదటి యజమాని ఫోన్‌కే వెళ్లొచ్చు. అలాంటి బండి కొన్నవారు ఛాసిస్ నంబరు డీలర్‌కు చెప్పి, అది రీకాల్ జాబితాలో ఉందేమో అడగాలి.