ధర కట్టడం సర్కారు పనేనా?

కిందటి జుమా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల దగ్గర ఇద్దరు మిత్రులు మమ్మల్ని ఆపేశారు. ఒకాయన పప్పుల వ్యాపారి. రెండో ఆయన ఆటో నడుపుకుంటారు. కందిపప్పు దగ్గర మొదలైన వాదన ఆయనను, ఈయనను దాటి సర్కారు దాకా వెళ్లింది. "ప్రతి సరుకుకూ సర్కారు ఒక ధర కట్టాలి మౌల్వీసాబ్, మించి అమ్మినవాణ్ణి లోపలెయ్యాలి" అని ఆటో ఆయన. "ధర కట్టడం షరీఅత్ ఒప్పుకోదు భాయ్, ఈ మాట మౌల్వీసాబే బయాన్‌లో చెప్పారు" అని వ్యాపారి.

నిజమే, చెప్పాం. చాలా ఏళ్లుగా పిల్లలకు పాఠంలోనూ అదే చెబుతూ వచ్చాం. మదీనాలో ఒకసారి ధరలు పెరిగాయి. సహచరులు దైవప్రవక్త(స) వద్దకు వచ్చి, మా కోసం ధరలు నిర్ణయించండి అని వేడుకున్నారు. ఆయన ఒప్పుకోలేదు. ధరల హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలోనివని, ఎవరి ధన ప్రాణాల విషయంలోనూ తాను అన్యాయం చేశానన్న ఫిర్యాదు లేకుండా తన ప్రభువును కలుసుకోవాలని కోరుకుంటున్నానని తెలియజేశారు. హజ్రత్ అనస్(రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఇది చెప్పి, ఇక ఈ విషయం తేలిపోయింది అనుకునేవాళ్లం. వ్యాపారి సోదరులకు కూడా ఈ హదీసు బాగా నచ్చుతుంది!

కాని ధర కట్టడానికి ఒప్పుకోని ఆ ప్రవక్త(స)గారే బజారును దాని మానాన వదిలేశారా? లేదు. సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురెళ్లి, బజారు ధర తెలియని పల్లె మనిషి దగ్గర చవగ్గా కొట్టేయడాన్ని నిషేధించారు. కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచడాన్ని నిషేధించారు. కొన్న ధాన్యం చేతికి రాకముందే మరొకరికి అమ్మడాన్ని నిషేధించారు. జనానికి అవసరమైన ఆహారాన్ని ధర పెరగాలని దాచిపెట్టేవాడు పాపి అని హెచ్చరించారు. స్వయంగా బజారులో తిరుగుతూ ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసిన గింజలు పైన ఎందుకు పోయలేదని ఆ వర్తకుణ్ణి నిలదీశారు. అంటే ధర జోలికి పోలేదు గాని, ఆ ధర నిజాయితీగా ఏర్పడుతున్నదా లేదా అన్నది మాత్రం వదిలిపెట్టలేదు.

తర్వాతి ఉలమా ఈ తేడాను పట్టుకున్నారు. ఇబ్నె తైమియా (1263–1328) హిస్బాపై రాసిన గ్రంథంలో దీన్ని విడమరచి చెప్పారు. సరుకు నిజంగా తక్కువై, లేదా కొనేవాళ్లు ఎక్కువై ధర పెరిగితే, వర్తకుణ్ణి తక్కువకు అమ్మమని బలవంతపెట్టడం జుల్ము. సరుకు ఉండి కూడా, జనం అల్లాడుతుంటే అమ్మకుండా బిగబట్టినప్పుడు మాత్రం న్యాయమైన ధరకు అమ్మించడం పాలకుని విధి. మన హనఫీల హిదాయాలోనూ ఇంచుమించు ఇదే మాట ఉంది. ఆహార ధాన్యాల వర్తకులు మరీ హద్దు మీరితే, మరో మార్గం లేకపోతే, తెలిసినవాళ్లను సంప్రదించి ధర కట్టవచ్చు.

ఇదంతా విని ఆటో ఆయన అన్న మాట ఇది: "మరి అల్లావుద్దీన్ ఖిల్జీ కట్టి చూపించాడుగా!"

ఆయనకు ఆ కథ ఎలా తెలుసో గాని, మంచి ఉదాహరణే తీశారు. 1296 నుంచి 1316 దాకా ఢిల్లీని ఏలిన ఆ సుల్తాను ధరలు కట్టిన తీరు జియావుద్దీన్ బర్నీ ఫార్సీ చరిత్రలో వివరంగా ఉంది. మణుగు గోధుమలు ఏడున్నర జీతళ్లు. బార్లీ నాలుగు, వరి ఐదు, శనగలు ఐదు. మలిక్ ఖబూల్ అనే అధికారిని మండీపై షహనాగా నియమించారు. వానలు సరిగా లేని ఏడు, ధర అర జీతల్ పెంచుకోనివ్వమని ఆ షహనా విన్నవిస్తే ఇరవై దాకా బెత్తం దెబ్బలు పడ్డాయట. కరువు వస్తే సర్కారు గాదెల ధాన్యాన్ని మహల్లాల వారీగా రోజువారీ వాటా వేసి ఇచ్చేవారు. చిన్న పిల్లల చేతికి డబ్బులిచ్చి బజారుకు పంపి, తెచ్చిన సరుకును సుల్తాను తూయించేవారు. తూకం తగ్గితే దుకాణదారు ఒంటి మాంసం కోసేవారని బర్నీ రాశారు. వానలు కురవని ఏళ్లలోనూ ఢిల్లీలో ధాన్యం ధర పెరగలేదన్నదే ఆయనకు ఆశ్చర్యం.

ఇంతటి పని ఎందుకు చేశారు? పెద్ద సైన్యాన్ని తక్కువ జీతంతో పోషించడానికి అని బర్నీ జవాబు. మంగోలు దాడులు ఢిల్లీ గుమ్మం దాకా వచ్చిన కాలం అది. కాని అదే శతాబ్దంలో హజ్రత్ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ గారి సంభాషణలను కూర్చిన ఖైరుల్ మజాలిస్‌లో మరో సాక్ష్యం ఉంది. అల్లాహ్ దాసులందరికీ మేలు కలిగే పని ఏదైనా చేయాలన్న తలంపుతో సుల్తాను ధాన్యం ధర తగ్గించారని అందులో ఉంది. ఆయన సమాధి దగ్గర జనం మొక్కుకుని దారాలు కట్టేవారట. రెండు మాటలూ నిజమై ఉండవచ్చు. ఎవరి కడుపు నిండితే వాళ్లు దీవిస్తారు కదా.

అయితే ఆ చవక ధాన్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ మేము ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని దాటిపోయాం. గంగా యమునల మధ్య దోఆబ్ రైతు పంటలో సగం శిస్తుగా ఇవ్వాలి, అదీ ధాన్యం రూపంలో. వసూలు ఎంత గట్టిగా సాగిందంటే, మిగిలిన గింజలు ఇంటికి చేరకముందే కళ్లంలోనే కట్టిన ధరకు వర్తకులకు అమ్ముకోవలసి వచ్చింది. ఆ వర్తకులైనా స్వేచ్ఛగా లేరు. వాళ్ల ఆలుబిడ్డలతో సహా తెచ్చి యమున ఒడ్డు ఊళ్లలో కాపురం పెట్టించారు, మాట తప్పకుండా ఉండటానికి. ఈ చవక మీద పెరిగిన సైన్యమే మలిక్ కాఫూర్ వెంట 1310లో మన ఓరుగల్లు కోటను ముట్టడించింది, ప్రతాపరుద్రుడి చేత కప్పం కట్టించింది. 1316లో సుల్తాను కన్నుమూశాక కుమారుడు ముబారక్ షా కాలంలో ఆ కట్టుబాట్లు సడలిపోయాయి, ధరలు మళ్లీ లేచాయి. బెత్తం ఉన్నంతవరకే ఆ ధర నిలిచింది.

"అయితే రేషను బియ్యం కూడా తప్పేనా?" అని ఆటో ఆయన నొచ్చుకున్నారు. కాదు భాయ్, అక్కడే తేడా. ఎన్టీ రామారావుగారు 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు ఆ తేడాను ఖజానా భరించింది. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ రైతుకు మద్దతు ధర చెల్లించే ధాన్యం తీసుకుంటుంది. ఆ మద్దతు ధర చాలదని రైతు అంటాడు. అది న్యాయమైన తగవే, కాని వేరే తగవు. పేదవాడి పళ్లెంలోకి వెళ్లే మెతుకుకు అందరి పన్నుల నుంచీ చెల్లిస్తే మేము దాన్ని ఖిల్జీ పద్ధతి అనం.

ఖిల్జీ పద్ధతి వేరే దారిలో వస్తుంది. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది, 2024 సెప్టెంబరులో గాని తెరవలేదు. ఉల్లి ఎగుమతిని 2023 డిసెంబరు నుంచి 2024 మే దాకా ఆపింది. పట్నంలో మనకు కొంత ఊరట. కాకినాడ రేవు మీద ఆధారపడ్డ గోదావరి రైతుకు, నాసిక్ ఉల్లి రైతుకు పై ధర పలికే వేళ తలుపు మూసుకుంది. మన ఊరటకు బిల్లు వాళ్ల పేరున వెళ్లింది. వాళ్లను అడిగి ఎవరూ తలుపు మూయలేదు.

ఆటో ఆయన సవారీ ఉందని వెళ్లిపోయారు. వ్యాపారి మాత్రం కదల్లేదు. గొంతు తగ్గించి అసలు ప్రశ్న అడిగారు: "పంట చేతికొచ్చినప్పుడు కొని వానాకాలం దాకా గోడౌన్‌లో పెడతాను మౌల్వీసాబ్. అది ఇహ్తికారేనా?"

హిదాయాలో ఉన్నది ఉన్నట్టు చెప్పాం. సొంత పొలం పంటను దాచుకుంటే అది ఇహ్తికార్ కాదు. దూరపు ఊరి నుంచి మోసుకొచ్చిన సరుకునూ ఇమామ్ అబూహనీఫా(రహ్మ) అందులో చేర్చలేదు. ఇమామ్ అబూయూసుఫ్(రహ్మ) మాత్రం, దాచడం వల్ల జనానికి హాని కలిగేదైతే అది ఇహ్తికారేనన్నారు. ఊరి బజారులోనే కొని, ఊరి జనానికి కటకటగా ఉన్నప్పుడు బిగబట్టడం మాత్రం నిస్సందేహంగా ఇహ్తికార్. గడువు నలభై రోజులని కొందరు, నెల అని కొందరు అన్నారు. గుమ్మం ముందు కొనేవాళ్లు నిలబడి ఉంటే ఒక్కరోజు బిగబట్టినా గునాహ్ గునాహే.

"మీ కందులు ఎక్కడ కొన్నారు?" అని అడిగాం.

"సగం తాండూరు నుంచి తెప్పించాను" అన్నారు. కాసేపాగి, "సగం ఇక్కడి యార్డులోనే" అన్నారు.

ఆ రెండో సగం సంగతి వచ్చే జుమాకు మాట్లాడుకుందామని ఆయన లేచారు. చెయ్యి పట్టుకుని మళ్లీ మెట్ల మీదే కూర్చోబెట్టాం.