తాళం ఎప్పుడు వేయాలి?

ఒక బడి ప్రవేశాల వెబ్‌సైట్‌లో ఒకే సీటు మిగిలి ఉందనుకుందాం. వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరు తల్లులు ఒకే క్షణంలో మీట నొక్కారు. ఇద్దరికీ ‘సీటు ఖరారైంది’ అని వచ్చింది. బడి తెరిచేనాటికి ఒక బిడ్డ ఇంటిముఖం పట్టాల్సిందే. ఇందులో తల్లుల తప్పు లేదు, యంత్రం చెడిపోనూ లేదు. ప్రోగ్రామ్‌లో తాళం పడాల్సిన చోట పడలేదు, అంతే.

విలువను దాచుకునే చోటును ప్రోగ్రామింగ్‌లో వేరియబుల్ అంటారు. మన లెక్కల పుస్తకంలో ఆ మాటకు పేరు చలరాశి. వెబ్ సర్వర్ ఒకేసారి ఎందరికో జవాబు చెబుతుంది కాబట్టి, మిగిలిన సీట్ల సంఖ్య వంటి చలరాశి అందరికీ ఉమ్మడి అవుతుంది.

హోసూరులోనైనా బరంపురంలోనైనా ఈ చిక్కును తరగతిలోనే చూపవచ్చు. నల్లబల్ల మీద 40 అని రాయండి. ఇద్దరు పిల్లల్ని ఆ అంకె చూసి, నోటుపుస్తకంలో ఒకటి కలిపి, వచ్చి బల్ల మీద దిద్దమనండి. ఇద్దరూ ఒకేసారి చూస్తే ఇద్దరూ 41 అనే రాస్తారు. రావాల్సింది 42. ఇప్పుడు ఒకే సుద్దముక్క ఇచ్చి, అది చేతిలో ఉన్నవారే బల్లను చూడాలి, వారే దిద్దాలి అనండి. లెక్క కుదురుతుంది. ఆ సుద్దముక్కే ‘లాక్’. రాసేటప్పుడే కాదు, చూసేటప్పుడూ అది చేతిలో ఉండాలన్నది అసలు కిటుకు.

ఇలాంటి చిక్కుకు ఒక పరిష్కారాన్ని డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లోనే ప్రచురించారు.

లాక్ ఎప్పుడు కావాలి? రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఉమ్మడిదా? దీన్ని ఎవరైనా మారుస్తారా? రెండింటికీ అవునంటేనే లాక్. ఎవరి నోటుపుస్తకం వారిదే అయితే అక్కర్లేదు. బడి పేరులా మొదట రాసి మళ్లీ మార్చనిదానికీ అక్కర్లేదు.

లాక్ వేశాక త్వరగా వదలాలి. సుద్ద పట్టుకుని ఫోన్ మాట్లాడుతూ నిలబడితే వెనక వరుస ఆగిపోతుంది. ఒకరి చేతిలో సుద్ద, ఇంకొకరి చేతిలో డస్టర్ ఉండి, రెండోది దొరికేదాకా మొదటిది వదలమని ఇద్దరూ భీష్మిస్తే పని ఎప్పటికీ సాగదు. అందుకే అందరూ ఒకే వరుసలో, ముందు సుద్ద, తర్వాత డస్టర్ తీసుకోవాలి.

సర్వర్లు రెండుంటే? ఈ గది సుద్ద పక్క గది బల్లను కాపాడదు. అప్పుడు లెక్కను డేటాబేస్‌కు అప్పగించి, ‘సీటు ఉంటేనే ఒకటి తగ్గించు’ అని ఒకే ఆదేశంగా చెప్పాలి.

ఈ లోపం ఒంటరిగా పరీక్షిస్తే బయటపడదు. రద్దీ రోజునే పడుతుంది. కాబట్టి పిల్లలు ప్రోగ్రామ్ రాసి ‘పనిచేస్తోంది సార్’ అన్నప్పుడు, ‘ఇద్దరు ఒకేసారి నొక్కితే?’ అని అడగండి.